రాత్రి లెన్సులా, కొత్తరకం కళ్లద్దాలా, చుక్కల మందా? పిల్లల మైనస్ పవర్‌కు ఏది నప్పుతుంది

పిల్లలకు సైటు వచ్చిందంటే ఇంతకాలం చేయవలసింది ఒక్కటే ఉండేది. పవరుకు తగిన కళ్లద్దాలు రాయించుకోవడం, అది పెరిగినప్పుడల్లా అద్దాలు మార్చుకోవడం. ఇప్పుడు పెద్ద కంటి ఆసుపత్రుల్లో సంగతి అక్కడితో ఆగడం లేదు. పెరుగుదలను నెమ్మదింపజేసే పద్ధతులు మూడు నాలుగు ఉన్నాయని చెప్పి, వాటిలో ఏది కావాలో తల్లిదండ్రులనే తేల్చుకోమంటున్నారు. రాత్రి నిద్రలో పెట్టుకుని పొద్దున తీసేసే ఆర్థో-కె లెన్సులు, అంచుల్లో ప్రత్యేక నిర్మాణం ఉన్న కళ్లద్దాలు, తక్కువ మోతాదులో కంట్లో వేసే అట్రోపిన్ అనే మందు చుక్కలు, పగటిపూట పెట్టుకునే మెత్తని లెన్సులు అందులో ముఖ్యమైనవి. వీటిలో ఏది ఎక్కువ పనిచేస్తుందన్న ప్రశ్నకు పరిశోధనల్లో దొరికే సమాధానం మనం అనుకున్నంత తేడా చూపదు. కాబట్టి ఏది మన ఇంట్లో, మన పిల్లవాడి దినచర్యలో ఏళ్ల తరబడి సక్రమంగా సాగుతుందన్నదే అసలు ఎంపిక అని నా అభిప్రాయం. ఆర్థో-కె విషయంలో ఇది మరీ నిజం.

ముందుగా, అదుపు చేయాలనుకుంటున్నది దేనినో స్పష్టంగా తెలియాలి. హ్రస్వదృష్టిలో, అంటే మైనస్ పవర్ తెచ్చే మయోపియాలో, సాధారణంగా కంటిగుడ్డు ముందు నుంచి వెనుకకు ఉండవలసిన దానికన్నా పొడవుగా పెరుగుతుంది. పెద్దవారిలో సగటున 24 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉండే ఈ పొడవు ఒక్క మిల్లీమీటరు ఎక్కువైతే పవర్ దాదాపు రెండున్నర నుంచి మూడు డయాప్టర్ల (పవరును కొలిచే ప్రమాణం) మేర మైనస్ వైపు జరుగుతుంది. మామూలు కళ్లద్దాలు చూపును సరిచేస్తాయి గాని ఈ సాగుదలను ఆపవు, సాగిన గుడ్డు మళ్లీ కుదించుకుపోదు. సాగిన కొద్దీ కంటి వెనుక వెలుతురును గ్రహించే పొర, అంటే రెటీనా పలచబడి, నడివయసు దాటాక మధ్యభాగం దెబ్బతినడం, రెటీనా ఊడిరావడం, గ్లాకోమా వంటి సమస్యలకు అవకాశం పెరుగుతుంది. అమెరికా పరిశోధకులు 2019లో వేసిన లెక్క ప్రకారం తుది పవరును ఒక్క డయాప్టర్ తగ్గించగలిగినా రెటీనా మధ్యభాగానికి వచ్చే మయోపియా జబ్బు ముప్పు దాదాపు 40 శాతం తగ్గుతుంది. అందుకే పవర్ ఎలాగూ పెరుగుతుంది, పెద్దయ్యాక లేజర్ చేయిస్తే సరిపోతుందనే మాట సరికాదు. లేజర్ కంటి ముందున్న పారదర్శక పొర కార్నియాను మాత్రమే చెక్కుతుంది. సాగిన రెటీనా అలాగే ఉంటుంది.

ఆర్థో-కె లెన్సు గాలిని, అంటే ఆక్సిజన్‌ను లోపలికి పోనిచ్చే గట్టి పదార్థంతో తయారవుతుంది. మామూలు గట్టి లెన్సు కార్నియా వంపుకు సరిపోయేలా ఉంటే, దీని లోపలి వైపు మధ్యలో చదునుగా, దాని చుట్టూ ఉన్న వలయంలో లోతుగా ఉంటుంది. రాత్రంతా రెప్పలు మూసి ఉన్నప్పుడు లెన్సుకు, కార్నియాకు మధ్య ఉన్న కన్నీటి పొర కలిగించే ఒత్తిడి వల్ల కార్నియా పైపొర మధ్యలో కొద్దిగా పలచబడి, చుట్టూ కొద్దిగా మందమవుతుంది. ఆ పైపొర మందమే దాదాపు 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), అందులో మారేది 20 మైక్రాన్ల లోపే. అంత చిన్న మార్పుతోనే మైనస్ రెండు, మూడు పవరున్న పిల్లవాడు పగలంతా అద్దాలు లేకుండా బోర్డు చదవగలుగుతాడు. మార్పులో ఎక్కువ భాగం మొదటి రాత్రుల్లోనే వస్తుంది. పూర్తిగా కుదురుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. మధ్యలో చదునై చుట్టూ ఎత్తైన ఆ ఆకారం వల్ల పక్కల నుంచి వచ్చే వెలుతురు రెటీనాకు ముందే కేంద్రీకృతమవుతుంది. గుడ్డు ఇంకా సాగనక్కరలేదన్న సంకేతం దాని వల్లనే కంటికి అందుతుందని ఎక్కువ మంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఆలోచన కొత్తది కాదు. 1962లో షికాగోలో జార్జ్ జెస్సెన్ మామూలు గట్టి లెన్సులతోనే ఈ ప్రయత్నం చేశాడు. రాత్రి వాడకానికి అమెరికా ఆహార ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి 2002లో వచ్చింది. పిల్లల్లో పెరుగుదల నిజంగా తగ్గుతుందా అన్న ప్రశ్నకు గట్టి జవాబు హాంకాంగ్‌లో 2012లో వెలువడిన రోమియో అనే అధ్యయనం ఇచ్చింది. అందులో ఆరు నుంచి పదేళ్ల పిల్లల కంటిగుడ్డు రెండేళ్లలో మామూలు అద్దాలు పెట్టుకున్న వారిలో 0.63 మిల్లీమీటర్లు పెరిగితే, రాత్రి లెన్సులు వాడిన వారిలో 0.36 మాత్రమే పెరిగింది. అంటే 43 శాతం తగ్గుదల. అదే ఏడాది స్పెయిన్ పిల్లల్లో కనిపించిన తగ్గుదల 32 శాతం.

ఈ అంకెలను మిగతా పద్ధతుల పక్కన పెట్టి చూద్దాం. హాంకాంగ్‌లోనే జరిగి 2020లో వెలువడిన అధ్యయనంలో, అద్దం మధ్యలో మామూలు పవర్, చుట్టూ వందలాది చిన్న చిన్న పొంగులు ఉండే కళ్లద్దాలు పెట్టుకున్న పిల్లల్లో రెండేళ్లకు గుడ్డు 0.21 మిల్లీమీటర్లు పెరిగింది. మామూలు అద్దాల వారిలో 0.55. మయోస్మార్ట్ పేరుతో అమ్మే అద్దాలు ఇవే. అట్రోపిన్ చుక్కల మీద అక్కడే చేసిన ల్యాంప్ అధ్యయనంలో మొదటి ఏడాది 0.05 శాతం మందు వేసిన వారిలో పెరుగుదల 0.20, మందు లేని ఉత్తుత్తి చుక్కలు వేసిన వారిలో 0.41. అందరూ మొదలుపెట్టే 0.01 శాతం మందుతో మాత్రం అది 0.36. అంటే గుడ్డు పొడవులో దాదాపు తేడా లేనట్టే. పగటి మెత్తని లెన్సు మైసైట్‌తో మూడేళ్లకు 0.30, మామూలు లెన్సుతో 0.62. ఈ అధ్యయనాల్లో పిల్లల వయసులు, దేశాలు, కాలాలు వేరు వేరు కనుక శాతాలను పరుగుపందెం ఫలితాల్లా వరుసలో పెట్టి ఫలానాది మొదటిది అనడం తప్పు. మంచి పద్ధతులన్నీ పెరుగుదలను ఇంచుమించు సగానికి తెస్తాయని, ఏదీ పూర్తిగా ఆపదని అర్థం చేసుకుంటే చాలు. కరపత్రం మీద శాతం మాత్రమే ఉంటే, ఎన్ని మిల్లీమీటర్లు, ఎన్నేళ్లలో అని అడగాలి.

ఇక తేడా ఎక్కడుంది? ప్రమాదంలో ఉంది, రాత్రి పనిలో ఉంది, ఖర్చులో ఉంది.

కళ్లద్దాలతో కంటికి ఇన్‌ఫెక్షన్ రాదు. నిద్రలో లెన్సుతో రావచ్చు. మూసిన రెప్ప కింద ఆక్సిజన్ తక్కువ, కన్నీటి కదలిక తక్కువ. లెన్సు మీద గాని, డబ్బాలో గాని సూక్ష్మజీవి ఉంటే దానికి ఎనిమిది గంటల వ్యవధి దొరుకుతుంది. అమెరికాలో 2013లో వెలువడిన లెక్క ప్రకారం రాత్రి లెన్సులు వాడే పది వేల మంది పిల్లల్లో ఏడాదికి దాదాపు 14 మందికి కార్నియా ఇన్‌ఫెక్షన్ వస్తుంది. మాటలో చిన్న సంఖ్యే. అయితే పుండు మానినా కంటి నడిమధ్యలో మచ్చ మిగిలితే ఆ చూపు జీవితకాలం మసకగానే ఉంటుంది కనుక, దానిని చిన్నదిగా కొట్టిపారేయకూడదు. ఈ లెన్సులు తూర్పు ఆసియాలో కొత్తగా వ్యాపించిన రోజుల్లో వచ్చిన తీవ్రమైన కేసుల్లో చాలా వాటికి సూడోమోనాస్ బ్యాక్టీరియా, అకాంతమీబా అనే నీటి క్రిమి కారణమని తేలింది. లెన్సునో, డబ్బానో కుళాయి నీటితో కడగడం అందులో ప్రధానమైన తప్పు. మన ఇళ్లలో నీరు బోరు నుంచి ట్యాంకుకు ఎక్కి, అక్కడి నుంచి కుళాయికి దిగుతుంది. ఆ ట్యాంకు మూత చివరిసారి ఎప్పుడు తీసి కడిగారో గుర్తుచేసుకుంటే, ఈ లెన్సుకు నీళ్లు తగలకూడదన్న నియమం ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. ఆర్‌ఓ నీరు, మరిగించి చల్లార్చిన నీరు కూడా ఇందుకు పనికిరావు.

రాత్రి పని ఎలా ఉంటుందో చూస్తే నిర్ణయం సగం అక్కడే తేలిపోతుంది. పడుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి, నూలు రాలని బట్టతో పూర్తిగా తుడుచుకోవాలి. తడి చేతితో ముట్టుకుంటే నీళ్లు తగిలినట్టే. గిన్నెలా ఉన్న లెన్సులో కంటిని తడిపే, ప్రిజర్వేటివ్ లేని చుక్కలు నిండుగా పోసి, పిల్లవాడిని నేలవైపు ముఖం వంచమని, కింద నుంచి పైకి అతికించాలి. బుడగ ఉండిపోతే తీసి మళ్లీ పెట్టాలి, లేకపోతే ఆ చోట కార్నియా మీద గుంట పడుతుంది. పొద్దున లేవగానే లెన్సు కంటికి అంటుకుపోయి ఉండటం మామూలే. చుక్కలు వేసి కొద్ది నిమిషాలు ఆగి, కింది రెప్ప అంచును మెల్లగా నొక్కి, లెన్సు కదులుతోందని చూశాకే చిన్న రబ్బరు పీల్చుడు గొట్టంతో తీయాలి. కదలని లెన్సును లాగితే కార్నియా పైపొర గీసుకుపోతుంది. ఆ తరువాత అరచేతిలో లెన్సులు శుభ్రపరిచే ద్రావణంతో రుద్ది, కడిగి, డబ్బాలో పాత ద్రావణం పారబోసి కొత్తది పోయాలి. పాతదాని మీదే కొంచెం కలిపి సరిపెట్టడం అలవాటైతే మొత్తం శ్రమ వృథా. ఈ పనంతా సింకు దగ్గర చేసేవారు ముందు దాని రంధ్రం మూయాలి. పైపులోకి జారిపోయిన లెన్సు వేలల్లో ఖర్చు.

చిన్నపిల్లలు ఇదంతా సొంతంగా చేయలేరు. పదేళ్ల లోపు పిల్లవాడికి లెన్సు వేయించాలంటే, వారంలో ప్రతి రాత్రీ ప్రతి పొద్దునా ఇంట్లో ఉండే పెద్దమనిషి ఒకరు ఆ పనిని తన పనిగా స్వీకరించాలి. అమ్మ రాత్రి షిఫ్టులో, నాన్న ఊళ్లు తిరిగే ఉద్యోగంలో ఉండి, తాతయ్యకు దగ్గరి చూపు ఆనకపోతే ఇది సాగదు. హాస్టల్లో ఉండే పిల్లలకు నేను గట్టిగా వద్దంటాను. పదిమంది ఒకే కుళాయి దగ్గర నిలబడే చోట, అద్దం, వెలుతురు, సమయం మూడూ లేని చోట ఈ శుభ్రత జరగదు.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. లెన్సు పనిచేయాలంటే కనీసం ఏడెనిమిది గంటలు కంట్లో ఉండాలి. రాత్రి పదకొండున్నర దాకా చదివి పొద్దున అయిదింటికే స్టడీ అవర్‌కు లేచే పిల్లల్లో మధ్యాహ్నానికి చూపు మసకబారడం మొదలవుతుంది. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుందామన్నా పవర్ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటిగా మారుతుంది కనుక పాత జోడు సరిగ్గా కుదరదు. జలుబు, జ్వరం, కన్ను ఎర్రబడటం ఉన్న రాత్రుల్లో లెన్సు పెట్టకూడదు. అటువంటి రోజులకు తక్కువ పవరు అద్దాలు ఒక జత అదనంగా ఉంచుకోవాలి.

అందరి కళ్లూ దీనికి పనికిరావు. మైనస్ ఒకటి నుంచి నాలుగు వరకు, కంటి వంపు అన్ని వైపులా సమంగా లేకపోతే ఇచ్చే సిలిండర్ పవర్ ఒకటిన్నర లోపు ఉన్న కళ్లలో ఫలితం బాగుంటుంది. దానికన్నా ఎక్కువ పవరుకూ లెన్సులున్నాయి గాని, అక్కడ కుదుర్చుకోవడం కష్టం, పగటి చూపు పూర్తిగా తేరుకోకపోవచ్చు. లెన్సుకు ముందు టోపోగ్రఫీ అనే కార్నియా పటం తప్పక తీయాలి. కార్నియా శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఛాయలు ఆ పటంలో ఏ కొంచెం ఉన్నా ఈ మాట అక్కడితో వదిలేయాలి. మన వాతావరణంలో మరొకటి గమనించాలి. వేసవి మొదలవగానే కళ్లు దురదపెట్టి, ఎర్రబడి, జిగట పుసి కట్టే అలర్జీ తెలుగు నేలమీద పిల్లల్లో చాలా మామూలు. రోజంతా కళ్లు నలుపుకునే అటువంటి పిల్లవాడికి అలర్జీ పూర్తిగా అదుపులోకి వచ్చేదాకా రాత్రి లెన్సు ఊసెత్తవద్దు.

కొత్తరకం కళ్లద్దాల విషయం ఇంత చెప్పనక్కరలేదు. ప్రమాదం లేదు, ఆరేళ్ల పిల్లలకైనా పెట్టవచ్చు, కుటుంబం చేయవలసింది రోజుకు కనీసం పన్నెండు గంటలు అవి ముఖం మీద ఉండేలా చూడటం. స్టెల్లెస్ట్ అనే మరో రకానికి 2025 సెప్టెంబరులో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతి దక్కింది. అక్కడ ఈ పనికి అనుమతి పొందిన మొదటి కళ్లద్దాలు అవే. చిక్కంతా ఫ్రేములోనే ఉంది. ముక్కు మీద నుంచి జారిపోయే ఫ్రేములో అద్దం మధ్యభాగం కనుపాపకు ఎదురుగా ఉండదు, అప్పుడు దాని పని దెబ్బతింటుంది. పిల్లలకు ఆటల్లో ఫ్రేములు వంగిపోవడం రోజూ జరిగేదే. నెలకోసారి షాపుకు వెళ్లి బిగింపు సరిచేయించడం ఈ పద్ధతిలో మందు వేయడంతో సమానం. బడిలో వెక్కిరిస్తారని సంచిలో దాచుకునే పిల్లల దగ్గర మాత్రం ఎంత మంచి అద్దమైనా పనిచేయదు.

అట్రోపిన్ చుక్కలు రోజూ రాత్రి ఒక్కటి చొప్పున వేస్తారు. ఖర్చు తక్కువ, పని సులువు. 0.01 శాతం మందు మీద అధ్యయనాలు ఒకదానితో ఒకటి ఏకీభవించడం లేదు. ఢిల్లీలోని ఎయిమ్స్ వైద్యులు మన దేశపు పిల్లల మీద చేసిన అధ్యయనంలో ప్రయోజనం కనిపించింది. అమెరికాలో 2023లో వెలువడిన అధ్యయనంలో ఉత్తుత్తి చుక్కలకు, దానికి తేడా కనిపించలేదు. 0.05 శాతం మరింత నమ్మకంగా పనిచేస్తుంది గాని కనుపాప కొంచెం పెద్దదై ఎండ గుచ్చుకుంటుందని కొందరు పిల్లలు చెబుతారు. చుక్కలు వేసినా పగలు చూడటానికి కళ్లద్దాలు కావాలి. ఉన్నట్టుండి మానేస్తే, ముఖ్యంగా ఎక్కువ మోతాదుల్లో, పెరుగుదల తిరగబెట్టే అవకాశం ఉంది. అద్దాలతో గాని రాత్రి లెన్సులతో గాని కలిపి వాడటం కూడా ఉంది, ఏ ఒక్క పద్ధతీ సరిపోని పిల్లల్లో వైద్యులు అలా చేస్తారు.

పగటి మెత్తని లెన్సులు రోజుకొక కొత్త జత కనుక శుభ్రత భారం తక్కువ. మైసైట్‌కు 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల మధ్య మొదలుపెట్టే పిల్లలకు. పెరుగుదలను తగ్గిస్తాయంటూ చైనాలో ప్రచారంలోకి వచ్చిన ఎర్ర కాంతి యంత్రాల గురించి ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. వాటి వల్ల రెటీనా దెబ్బతిన్న ఉదంతం వైద్య పత్రికల్లో నమోదయింది.

ఖర్చు లెక్క వేసేటప్పుడు మొదటి బిల్లు చూసి నిర్ణయించకూడదు. రాత్రి లెన్సుల జత ధర పదుల వేలలో ఉంటుంది, ఏడాది ఏడాదిన్నరకు మార్చాలి. ప్రతి నెలా ద్రావణం, చుక్కలు, మూడు నెలలకోసారి పరీక్ష వేరు. ఒక లెన్సు పగిలినా పోయినా మళ్లీ ఎంతకు ఇస్తారో, రాసి ఇవ్వమని అడగాలి. కొత్తరకం అద్దాలు మామూలు అద్దాల కన్నా చాలా ఖరీదు, పవర్ మారినప్పుడల్లా మళ్లీ అదే ఖర్చు. వేగంగా పెరిగే పిల్లవాడికి ఏడాదిలో రెండుసార్లు మార్చవలసి రావచ్చు కనుక రెండేళ్లకు కలిపి చూస్తే తేడా మొదట అనుకున్నంత ఉండకపోవచ్చు.

నన్ను అడిగితే ఇలా చెబుతాను. ఆరేడేళ్ల పిల్లవాడు, పవర్ ఒకటి లోపు, కళ్లద్దాలంటే పేచీ లేదు: కొత్తరకం అద్దాలతో మొదలుపెట్టి, ఆరు నెలల తరువాత గుడ్డు పొడవు చూడండి. తల్లిదండ్రులిద్దరికీ ఎక్కువ మైనస్ ఉండి, పిల్లకు ఏడాదికి ఒక డయాప్టర్ చొప్పున పెరుగుతుంటే ఒక్క పద్ధతితో ఆగకండి, అద్దాలకు తోడు చుక్కల గురించి వైద్యుణ్ణి అడగండి. పదేళ్లు దాటి, మైనస్ రెండో మూడో ఉండి, బ్యాడ్మింటనో ఈతో నాట్యమో గట్టిగా సాధన చేస్తూ, అద్దాలతో ఇబ్బంది పడుతూ, తన వస్తువులు తాను సర్దుకునే పిల్లకు ఇంట్లో ఒక పెద్ద తోడుంటే, రాత్రి లెన్సు నిజంగా మంచి ఎంపిక. అటువంటి పిల్లలు దానిని ఎంత ఇష్టంగా వాడతారో చూస్తే ఖర్చు గుర్తుకు రాదు. ఈతకు వెళ్లేవారికి ఇందులో అదనపు లాభం ఏమిటంటే కొలనులో కంట్లో లెన్సు ఉండదు. బిడ్డ అందంగా కనబడాలనో, పెళ్లికి అద్దాలు లేకుండా ఫొటోలు దిగాలనో పెద్దల కోరికే ప్రధానమైతే మాత్రం వద్దు.

ఏది ఎంచుకున్నా కంటిగుడ్డు పొడవు కొలిచే యంత్రం లేని చోట ఈ వైద్యం మొదలుపెట్టకండి. రాత్రి లెన్సు వాడే పిల్లవాడికి కార్నియా చదునై ఉంటుంది కనుక పవర్ పరీక్షలో ఏమీ తెలియదు. గుడ్డు సాగుతోందా లేదా అన్నది ఆ కొలత ఒక్కటే చెబుతుంది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వంటి చోట్ల ఆ సదుపాయం ఉంది, ఇప్పుడు జిల్లా కేంద్రాల్లోని కొన్ని ఆసుపత్రుల్లోనూ కనిపిస్తోంది. రాత్రి లెన్సులైతే మొదటి రాత్రి గడిచిన మరునాడు ఉదయం, వారానికి, నెలకు, ఆ తరువాత మూడు నెలలకోసారి చూపించాలి. ఈ వరుస పాటించలేనంత దూరంలో ఊరుంటే అద్దాలే నయం. కన్ను ఎర్రబడి, నొప్పితో నీరు కారుతుంటే ఆదివారమైనా అర్ధరాత్రైనా ఎవరికి ఫోను చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. మందుల షాపులో స్టెరాయిడ్ చుక్కలు కొని వేసి ఒక రోజు చూద్దామనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం.

ఆరుబయట గడిపే సమయం ఈ పద్ధతులన్నిటికీ తోడు, దేనికీ బదులు కాదు. చైనాలోని గ్వాంగ్‌జౌ బడుల్లో రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపిన పిల్లల్లో మూడేళ్లలో కొత్తగా సైటు వచ్చినవారు 30.4 శాతం, మిగతావారిలో 39.5 శాతం. ఇది సైటు రాకుండా కాపాడటంలో ఎక్కువగా, వచ్చిన దానిని తగ్గించడంలో తక్కువగా పనిచేస్తుంది. ఇంట్లో చిన్నవాడు ఇంకొకడు ఉంటే ముందు వాడికి ఉపయోగం.

మానేయడం గురించి మొదలుపెట్టే రోజునే మాట్లాడుకోవాలి. పద్నాలుగేళ్లలోపు రాత్రి లెన్సులు ఆపితే గుడ్డు పెరుగుదల మళ్లీ వేగం పుంజుకున్నట్టు హాంకాంగ్ పరిశోధకులు చూశారు. అందుకని సాధారణంగా ఎదుగుదల నెమ్మదించే పదహారు పదిహేడేళ్ల దాకా కొనసాగిస్తారు. ఆపిన రోజుల్లో పవర్ రోజురోజుకూ మారుతుంది కనుక రెండు మూడు వారాల పాటు తాత్కాలిక అద్దాలు కావాలి, కొందరికి నెల పడుతుంది. సైన్యంలోనో, పోలీసు ఉద్యోగంలోనో, విమానయానంలోనో చేరాలనుకునే పిల్లలు ఆ నియామకపు వైద్య నిబంధనలు ముందే చదివి, పరీక్షకు చాలా ముందుగా లెన్సులు ఆపి, తాము వాడిన సంగతి వైద్యులకు చెప్పాలి. లేజర్ కోసం కొలతలు తీయించుకునే వారికీ ఇదే వర్తిస్తుంది, కార్నియా పటం వరుసగా రెండుసార్లు ఒకేలా వచ్చేదాకా ఆ కొలతలు లెక్కలోకి రావు.